పాత డీజిల్ పికప్ దారిలో ఆగిపోతే ముందు ఇవి చూడండి
అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడేసుకుని వస్తుంటే పాత పికప్ రెండుసార్లు ముక్కి ఆగిపోయి మళ్ళీ స్టార్ట్ అవ్వట్లేదనుకోండి, సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దించేయకండి బాబూ. సెల్ఫ్ గట్టిగా తిరుగుతుందంటే బ్యాటరీ బానే ఉంది, ఎక్కువసార్లు డీజిలే అందదు. ముందు ట్యాంకు మూత తిప్పండి, సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న గాలి కన్నం పూడుకుపోయినట్టే, వదులుగా పెట్టి స్టార్ట్ చేసి చూడండి. అది కాదంటే ఫిల్టర్ మీద చేతిపంపు నొక్కండి, నొక్కేకొద్దీ గట్టిపడాలి, ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ట్యాంకులో డీజిల్ ఉన్నా లైన్లో ఎక్కడో గాలి లాగుతుందన్నమాట, నన్నడిగితే క్లిప్పుల దగ్గర పగుళ్ళిచ్చిన రబ్బరు పైపునే ముందు అనుమానించాలి. పైపు సరిచేశాక లైన్లో గాలి బయటికి వదిలే ఎయిర్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా పంపు కొట్టి, కారుతుండగానే బిగించేయాలి. ఫిల్టర్ అడుగు స్క్రూ తిప్పి కొంచెం గాజుసీసాలోకి పట్టండి, నీళ్ళుంటే అడుగున వేరేగా నిలబడతాయి, మన కోనసీమ చెమ్మకి సగం ఖాళీ ట్యాంకుతో బండి రోజుల తరబడి వదిలేస్తే ఇది మామూలే. ఇవన్నీ బాగుంటే తాళం ఆన్ చేసి డీజిల్ పంపు మీద సోలినాయిడ్ (కరెంటుతో డీజిల్ దారి తెరిచే వాల్వు) టిక్కుమంటుందో లేదో వినండి, అనకపోతే ఫ్యూజు, వైరు చూడాలి.