వోకల్ ముందు రివర్స్ రివర్బ్ సరిగ్గా అతకడం: నా అనుభవం

రివర్బ్ అంటే ధ్వని వెనక వచ్చే ప్రతిధ్వని. దాన్ని తిరగేసి మాట ముందు పెట్టడమే రివర్స్ రివర్బ్. పాట మొదలయ్యే ముందు గొంతు ఎక్కడి నుంచో ఉప్పెనలా లేచి మొదటి మాటలో కలిసిపోవాలి. నాకేమో ఆ ఉప్పెన మాట కంటే కాస్త ముందే ఆగిపోయి, మధ్యలో చిన్న ఖాళీ వినిపించేది.

డీకే (రివర్బ్ చచ్చిపోవడానికి పట్టే సమయం) పెంచాను, ఫేడ్ గీశాను, వేరే ప్లగిన్లు మార్చాను. లాభం లేదు.

అసలు దొంగ ప్రీ-డిలే, అంటే అసలు ధ్వని తర్వాత రివర్బ్ మొదలయ్యేదాకా ఉండే ఆలస్యం. నా ప్రీసెట్‌లో అది 40 మిల్లీసెకన్లు ఉంది. రివర్స్ చేయగానే ఆ ఆలస్యమే తిరగబడి, మొత్తం ధ్వనిని అంత ముందే ముగిసేలా జరిపేసింది.

అందుకే ఈసారి మొదటి అక్షరాన్ని మాత్రమే కాపీ చేసి రివర్స్ చేశాను. 250 హెర్ట్జ్ కింద ఉన్న లోతైన ధ్వనిని కోసేసి, ఆ తర్వాతే రివర్బ్ పెట్టాను: వెట్ 100 శాతం (అసలు గొంతు లేకుండా రివర్బ్ మాత్రమే), డీకే 4 సెకన్లు, ప్రీ-డిలే సున్నా. రివర్బ్ తోక పూర్తిగా చచ్చేదాకా రెండర్ చేసి (కొత్త ఆడియోగా తీసి), వచ్చిన ఆడియోని మళ్లీ రివర్స్ చేశాను. దాని చివరను అసలు అక్షరం చివరకు కలిపాను, మొదలుకు కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 'రా' అనే మాట అయితే ముందుగా 'ఆ' గాలిలా పెరిగి, 'ర' దగ్గర గట్టిగా తగులుతుంది. వింటే ఒళ్లు జలదరించింది!

నా పాట 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు), అంటే బారుకు నాలుగు బీట్ల లెక్కన 4 సెకన్లు రెండు బార్లు. మీ టెంపోకి డీకే మార్చుకోవాలి. కన్వల్యూషన్ రివర్బ్ (ఏదో ఒక చోటి ప్రతిధ్వనిని పట్టిన ఇంపల్స్ అనే రికార్డింగ్‌తో పనిచేసేది) అయితే ఇంపల్స్‌ ఫైల్‌ మొదట్లోనే కొంత నిశ్శబ్దం ఉండొచ్చు, అప్పుడు చేత్తో జరపాల్సిందే. డ్రమ్స్ మీద ఇది పనిచేస్తుందో లేదో నేనింకా చూడలేదు.