మరుగునపడ్డ పాత తెలుగు సినిమాని వెతికి పట్టుకోవడం ఎలా?

తెనాలిలో పుట్టిన శారదకి జాతీయ ఉత్తమనటి అవార్డు మూడుసార్లు వచ్చిందని గుంటూరు జిల్లాలో చాలామందికి తెలుసు. మొదటి రెండూ మలయాళ సినిమాలకి. మూడోది మాత్రం తెలుగుదే, బి.ఎస్.నారాయణ తీసిన ‘నిమజ్జనం’. అది చూశామని చెప్పేవాళ్లు ఎక్కడోగానీ దొరకరు. ఇలా పేరు మిగిలి బొమ్మ మరుగునపడిన సినిమాలు మనకి బోలెడు. వాటిని పట్టుకోవాలంటే ఒక వరస ఉంది: ముందు కాగితం (పాటల పుస్తకాలు, పాత పత్రికలు), తర్వాతే తెర. నేరుగా యూట్యూబ్‌లో ‘పాత తెలుగు సినిమాలు’ అని కొడితే అందరూ చూసేసినవే మళ్లీ వస్తాయి. పైగా అక్కడ దొరికింది పూర్తి సినిమానో, కోతలుపోయి మిగిలిన ముక్కో చెప్పేది కాగితం ఒక్కటే.

1. తీగ ఎంచుకోండి

తెలుగు వికీపీడియాలో ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం సినిమాల పట్టికలున్నాయి. ఒక్క ఏడాది తీసుకోండి, ఎక్కువొద్దు. చూసినవి, టీవీలో నెలకోసారి వచ్చేవి కొట్టేయండి. మిగిలినవాటిని రెండు జాబితాలతో సరిచూడండి: 1954 నుంచి ఇస్తున్న జాతీయ అవార్డుల్లో తెలుగు విభాగం, 1964 నుంచి ఇచ్చిన నంది అవార్డులు. నందుల్లో స్వర్ణం వచ్చినవి ఎలాగూ జనానికి గుర్తుంటాయి. రజతం, కాంస్యం వచ్చినవాటి మీద దృష్టి పెట్టండి, అసలు సరుకు అక్కడే ఉంటుంది.

ఇంకో మంచి తీగ దర్శకుడు. అతని పెద్ద హిట్‌ని పక్కనపెట్టి, ఆ తర్వాత ఏం తీశాడో చూడండి. ‘మల్లీశ్వరి’ (1951) చూడనివారు లేరు. దాని తర్వాత బి.ఎన్.రెడ్డి తీసిన ‘బంగారుపాప’ (1955) చూసినవారు ఎంతమంది? జార్జ్ ఇలియట్ రాసిన ‘సైలస్ మార్నర్’ నవలకి తెలుగు రూపం అది, ఎస్.వి.రంగారావు ప్రధాన పాత్ర. అలాగే ‘మూగమనసులు’ తీసిన ఆదుర్తి సుబ్బారావు, అక్కినేనితో కలిసి ‘సుడిగుండాలు’ (1968), ‘మరో ప్రపంచం’ (1970) తీశారు. బయటినుంచి వచ్చి తెలుగులో తీసినవాళ్లనీ వదలొద్దు: మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977) ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథకి తెలుగు సినిమా. మరుగునపడటానికి మరీ పాతదై ఉండక్కర్లేదు. చలం ‘దోషగుణం’ కథతో ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన ‘గ్రహణం’ 2004 నాటిదే.

మొదటి విడతకి ఐదు పేర్లు చాలు. యాభై రాసుకుంటే ఒక్కటీ చూడరు.

2. కాగితం సంపాదించండి

ఈ పనికి విజయవాడ, గుంటూరు వాళ్లకున్న వీలు ఇంకెవరికీ లేదు. ఆంధ్రా ప్రాంతానికి సినిమా పంపిణీ నడిచిందే విజయవాడ గాంధీనగర్ నుంచి. కృష్ణా, గుంటూరు వేర్వేరు ఏరియాలుగా సినిమాలు అమ్ముడయ్యేవి, ఇప్పటికీ అంతే. కాబట్టి కాగితాలు ఈ చుట్టుపక్కలే చెల్లాచెదురుగా ఉన్నాయి.

వెతకాల్సినవాటిలో మొదటిది పాటల పుస్తకం. థియేటర్ దగ్గర కాణీకీ పరకకీ అమ్మిన పల్చటి పుస్తకమే గానీ, సినిమా గురించి ఇంత నమ్మకమైన సాక్ష్యం ఇంకోటి లేదు. నటీనటులు, సాంకేతిక వర్గం, పాటల సాహిత్యం, సగం కథ ఉంటాయి. ఆ కథ సరిగ్గా చిక్కుముడి పడిన చోట ఆపి ‘తరువాయి వెండితెరపై చూడండి’ అంటారు. సంవత్సరం వేయకపోతే ధర చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుదనుకోవచ్చు. ‘న.పై.’ అంటే నయా పైసలు, 1957-64 మధ్యది. ఉత్త పైసలు ఉంటే ఆ తర్వాతది. కొత్త నాణేలు వచ్చిన కొత్తల్లో రెండు రకాల ధరలూ కలిపి వేసినవి ఉంటాయి, అక్కడ ఒక ఏడాది అటూఇటూ చూసుకోండి.

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ‘సినిమా పుస్తకాలున్నాయా’ అంటే ‘లేవు’ అనే జవాబే వస్తుంది. ‘పాటల పుస్తకాలు, విజయచిత్ర, సితార పాత సంచికలు’ అని విడివిడిగా అడగండి. జనవరి మొదట్లో జరిగే పుస్తక మహోత్సవంలో కొత్త పుస్తకాల స్టాళ్ల జోలికి పోకుండా పాతవి అమ్మేవాళ్ల దగ్గరికే వెళ్లండి. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో పాత పత్రికలున్నాయి. చీరాల పక్కన వేటపాలెం సారస్వత నికేతనం (1918) పాత పత్రికలకి పెట్టింది పేరు, గుంటూరు నుంచి రైల్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. కదలలేనివారికి ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి.

దినపత్రికలో సమీక్ష కన్నా ప్రకటన ఎక్కువ చెబుతుంది. విడుదలరోజు ప్రకటనలో విజయవాడ, గుంటూరు, తెనాలి అంటూ థియేటర్ల జాబితా ఉంటుంది. రెండో వారం, మూడో వారం ప్రకటనలూ తీసి ఎన్ని కేంద్రాలు మిగిలాయో లెక్కపెట్టండి. ‘దిగ్విజయంగా’ అన్న మాట ఎలాగూ ఉంటుంది, దాన్ని పట్టించుకోవద్దు. కేంద్రాలు ఒక్కసారిగా పడిపోయిన వారం ఏ పెద్ద సినిమా దిగిందో అదే పేజీలో పక్కనే కనిపిస్తుంది. సగం సినిమాలు బాగోక పోలేదు, థియేటర్ దొరక్క పోయాయి.

పాత పుస్తకాన్ని విరిచి జిరాక్స్ మిషన్ మీద అదమొద్దు, వెన్ను విరుగుతుంది. కిటికీ వెలుగులో పెట్టి, ఫోన్‌ని పేజీకి సమాంతరంగా పట్టుకుని ఫొటో తీసుకోండి. సెల్లోటేపు, లామినేషన్ రెండూ కాగితానికి శత్రువులే.

మనుషులూ కాగితం లాంటివాళ్లే. ఆకాశవాణిలో ‘సంక్షిప్త శబ్దచిత్రం’ (సినిమా శబ్దాన్ని కుదించి వినిపించే కార్యక్రమం) విన్న తరానికి, చూడని సినిమాల సంభాషణలు కూడా నోటికి వస్తాయి. పంపిణీ ఆఫీసుల తరఫున ప్రింటు వెంట ఊరూరూ తిరిగిన రిప్రజెంటేటివ్‌లు ఎవరైనా తెలిస్తే వదలకండి. ‘ఆ సినిమా బాగుంటుందా బాబాయ్’ అని అడిగితే ‘ఆ, బానే ఉంటది’ అని ఊరుకుంటారు. ‘ఏ హాల్లో చూశారు, ఎవరితో వెళ్లారు’ అని అడగండి, మిగతాదంతా దానంతటదే వస్తుంది.

3. ఆ పేరున్న సినిమా ఏది?

‘దేవత’ అన్నారనుకోండి. 1941లో ఒకటి, 1965లో ఒకటి, 1982లో ఇంకోటి. మన పల్నాడు కథే తీసుకున్నా ‘పల్నాటి యుద్ధం’ రెండున్నాయి. 1947 నాటిది గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా ఆయన పోయాక ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేసింది, 1966 నాటిది ఎన్టీఆర్, భానుమతి నటించింది. ఒకదాని గురించి చదివి ఇంకోటి చూసి ‘ఇంతేనా’ అనుకునేవారు చాలామంది. అందుకే పేరు పక్కన ఎప్పుడూ నాలుగూ రాసుకోండి: సంవత్సరం, నిర్మాణ సంస్థ, దర్శకుడు, ఒక పాట పల్లవి.

4. ఇప్పుడు వెతకండి

సినిమా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో ఇద్దరు ఒకలా రాయరు. దీర్ఘాలు, ఒత్తులు ఎవరిష్టం వారిది. కాబట్టి తెలుగులో పేరు, ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులు, ఆపైన పాట పల్లవి, ఈ వరసలో వెతకండి. చివరిదే ఎక్కువసార్లు పనిచేస్తుంది. పాట దొరికితే అదే ఛానల్లో పూర్తి సినిమా ఉందేమో చూడండి. వీడియో పైన పెట్టే బొమ్మ (థంబ్‌నెయిల్) మీద ఉన్న మొహాన్ని నమ్మొద్దు. తర్వాత స్టారైన నటుడు ఆ సినిమాలో పది నిమిషాలు కనిపించినా అతన్నే హీరోని చేసి పెట్టేస్తారు.

5. ప్రింటు సరైనదేనా?

చాలామంది దాటేసే మెట్టు ఇదే. పాత సినిమా ‘ఏదో అతుకులబొంతలా ఉంది’ అనిపిస్తే, తప్పు సినిమాది కాకపోవచ్చు.

మొదట నిడివి. సెన్సార్ సర్టిఫికెట్ వీడియోలో మిగిలి ఉంటే అక్కడ ఆపండి. పొడవు పాతవాటిలో అడుగుల్లో, తర్వాతివాటిలో మీటర్లలో ఉంటుంది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్‌లో 4,400 మీటర్లుంటే 27.4తో భాగించండి, దాదాపు 160 నిమిషాలు. మీ వీడియో ఎంతుంది?

154 నిమిషాలుంటే కంగారుపడొద్దు, ఏమీ పోలేదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మన టీవీ, వీసీడీ (సినిమా ఎక్కించిన సీడీ) పద్ధతి 25. అలా ఎక్కించినప్పుడు 4 శాతం వేగంగా పరిగెడుతుంది. గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. ఘంటసాల గొంతు ఉండాల్సినదానికన్నా పైశ్రుతిలో వినిపిస్తే కారణం ఇదే. వేగం 0.96కి తగ్గిస్తే నడక సరిపోతుంది, యూట్యూబ్‌లో 0.95 పెట్టుకోవచ్చు. అయితే చాలా ప్లేయర్లు వేగం తగ్గించినా శ్రుతిని అలాగే ఉంచుతాయి, కంప్యూటర్‌లో వీడియోలు చూసే వి.ఎల్.సి. ప్లేయర్‌లో ఆ సెట్టింగ్ తీసేస్తే గొంతులూ దిగుతాయి. పాట నిడివిని మాత్రం గ్రామఫోన్ రికార్డుతో పోల్చొద్దు. 78 ఆర్.పి.ఎం. రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే, అందుకని చరణం తగ్గించి పాడేవారు.

అదే 135 నిమిషాలుంటే కోత పడినట్టే. ఎక్కడ పడిందో పాటల పుస్తకం చెబుతుంది. వరసగా పాటలు టిక్కు పెట్టుకుంటూ వెళ్లండి. పది నిమిషాలకోసారి రెండు మూడు సెకన్లు ఎగిరితే అది రీలు చివర్లు అరిగిపోవడం, సహజం. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు. పాటకి పాటే, హాస్యం ఘట్టానికి ఘట్టమే లేకపోతే ఎవరో కావాలని తీసేశారన్నమాట. వీసీడీ ఒక్కోదానిలో 75-80 నిమిషాలే పడుతుంది. రెండు డిస్కుల్లో సర్దడానికి బలైనవి ఇలాంటివే. ఇంకో అప్‌లోడ్ వెతకండి, టీవీలో వచ్చిన ప్రింటు వేరేదై ఉండొచ్చు.

తర్వాత చట్రం. తెలుగులో తొలి సినిమాస్కోప్ (వెడల్పు తెర, క్లుప్తంగా స్కోప్) ‘అల్లూరి సీతారామరాజు’ (1974). దానికి ముందరి సినిమాలు దాదాపు చదరంగా, 1.37:1 నిష్పత్తిలో ఉంటాయి. అలాంటిది మీ టీవీ మొత్తం నిండిపోయిందంటే రెండే కారణాలు. మొహాలు వెడల్పుగా ఉంటే సాగదీశారు. మొహాలు సరిగానే ఉండి తలలు తెగుతుంటే పైనా కిందా కోసేశారు, బొమ్మలో 23 శాతం పోయింది. సాగదీసినదాన్ని వి.ఎల్.సి. ప్లేయర్‌లో ‘ఎ’ కీ నొక్కుతూ 4:3కి తెస్తే సరి. కోసినదానికి మందు లేదు. స్కోప్ సినిమాని పాత టీవీకి సరిపెట్టినదైతే ఇంకా అన్యాయం, పక్కల నుంచి 43 శాతం పోతుంది. ఇద్దరు మాట్లాడుకునే సీన్లో ఒక ముక్కు, ఒక చెవి మిగులుతాయి. అలాంటి ప్రింటు చూసి ఛాయాగ్రహణం గురించి ఏ అభిప్రాయానికీ రావొద్దు.

6. ఎక్కడా దొరక్కపోతే

పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ (1964లో మొదలైంది, ఇప్పుడు జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్.ఎఫ్.డి.సి.లో భాగం) వారికి మూడో మెట్టులో రాసుకున్న వివరాలతో మెయిల్ పెట్టండి. ఉత్త పేరు పంపితే పని జరగదు. 1930, 40ల నాటివైతే ఆశ తక్కువ పెట్టుకోండి. అప్పటి నైట్రేట్ ఫిల్ము తేలిగ్గా అంటుకునేది, అంటుకోకపోతే జిగురై పొడైపోయేది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ప్రింటే మిగల్లేదు. అలాంటివాటికి పాటల పుస్తకం, రికార్డులు, పత్రికల్లో స్టిల్సు కలిపి చూసుకోవడమే.

7. చూడటం, నలుగురికీ చూపించడం

ఫోన్లో వద్దు. విశ్రాంతి దగ్గర ఆపి రెండు పూటలుగా చూసినా తప్పులేదు. మొదటి రెండు రీళ్లలోనే తీర్పు చెప్పేయకండి, ఆ రోజుల్లో కథ తీరుబడిగా ఎత్తుకునేవారు.

అపార్ట్‌మెంట్ హాల్లో వేయాలనుకుంటే ముందు హక్కుల సంగతి. మన చట్టంలో సినిమా మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. 1960 సినిమాకి 2020 డిసెంబరు 31తో తీరింది. కథ, పాటల సాహిత్యం, సంగీతాల హక్కులు రాసినవారు పోయాక 60 ఏళ్ల దాకా విడిగా ఉంటాయి కాబట్టి టికెట్ పెట్టే ఆలోచనుంటే తెలిసిన లాయర్‌ని అడగండి. పాత మోనో (ఒకే చానల్) శబ్దానికి ఇంట్లో ఉన్న బేస్ స్పీకర్ పనికిరాదు, మాటలు గొణుగుడైపోతాయి. బేస్ బాగా తగ్గించి, స్పీకర్ ఒక్కటే తెర కిందే పెట్టండి. బుస ఎక్కువుంటే ట్రెబుల్ కాస్త తగ్గించండి, మరీ తగ్గిస్తే ‘స’, ‘శ’ వినపడవు.

చూశాక తెలుగు వికీపీడియాలో ఆ సినిమా పేజీ తెరవండి. చాలావాటికి పేరు, సంవత్సరం తప్ప ఏమీ ఉండదు. పాటల పుస్తకం నుంచి నటీనటులు, పాటలు, రచయితల పేర్లు చేర్చండి. పాటల సాహిత్యం మొత్తం ఎక్కించొద్దు, హక్కులుంటాయి. ఆధారంగా పాటల పుస్తకాన్ని, ప్రకటన వచ్చిన పత్రిక తేదీని చూపించండి. ఇంట్లో నోటు పుస్తకంలో మాత్రం ఇంకో రెండు రాసిపెట్టుకోండి: మీరు చూసిన ప్రింటు ఎన్ని నిమిషాలు, అందులో ఏ పాట లేదు.