వీల్‌చైర్‌తో క్రూయిజ్‌కి వెళ్తున్నారా? ముందు రేవుల సంగతి చూడండి

క్రూయిజ్ అనగానే అందరం ఓడ ఫోటోలు చూసి మురిసిపోతాం. వీల్‌చైర్ వాడేవాళ్లు మాత్రం ముందు రూట్ తెరిచి, ఓడ ఏ రేవులో గట్టుకి ఆనుకుని ఆగుతుందో, ఎక్కడ సముద్రంలోనే లంగరు వేస్తుందో చూసుకోవాలి. లంగరు వేసినచోట జనాన్ని టెండర్లనే చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. అటు ఓడా, ఇటు పడవా రెండూ ఊగుతుంటాయి కదా, ఒకటి రెండు అడుగులైనా సొంతంగా వేయలేనివాళ్లని, నడవడం కష్టమైనవాళ్లు కూర్చుని వెళ్లే బరువైన బ్యాటరీ స్కూటర్లని ఎక్కనివ్వకపోవచ్చు. కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్ దీవి అలాంటి చోటే. అక్కడ దిగాలనే ఆశతో టికెట్ కొని, తీరా ఒడ్డుని డెక్ మీంచి చూసి రావడం ఎంత ఉసూరుమనిపిస్తుందో! గట్టుకి ఆగినా ఆటుపోట్లని బట్టి ర్యాంప్ బాగా ఏటవాలుగా మారుతుంది, ఏ టైంకి దిగితే తేలికో సిబ్బందిని అడగండి.

ఇక క్యాబిన్. ‘యాక్సెసిబుల్’ (వీల్‌చైర్‌కి అనువైనది) అన్న ఒక్క మాట నమ్మి డబ్బు కట్టేయకండి, కొలతలు అడగండి. మామూలు క్యాబిన్ తలుపు చాలా ఓడల్లో 23 అంగుళాలకి అటూ ఇటుగా ఉంటుంది, వీల్‌చైర్‌కి కనీసం 32 అంగుళాలు కావాలి. బాత్రూమ్ గుమ్మం దగ్గర గట్టు ఉందా, కుర్చీతోనే షవర్ కిందకి వెళ్లొచ్చా, మంచం ఎత్తెంత, ఇవన్నీ ఫోన్‌లో చెప్తే సరిపోదు, మెయిల్‌లో రాసివ్వమనండి. ఇలాంటి క్యాబిన్లు ఓడకి కొన్నే ఉంటాయి, ముందే అయిపోతాయి.

స్కూటర్‌ని కారిడార్‌లో వదిలేస్తే ఊరుకోరు, ఎందుకంటే అగ్ని ప్రమాదం జరిగితే అదే అందరికీ అడ్డం. కాబట్టి అది క్యాబిన్‌లో పట్టాలి. బ్యాటరీ ఏ రకమో ముందే చెప్పాలి. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా ఎక్కువైతే అడ్డుకునే ఏర్పాటు) ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు చాలా ఓడల్లో నిషేధం, చార్జింగ్‌కి ఏం తెచ్చుకోవచ్చో కూడా అప్పుడే కనుక్కోండి.

యూరోపియన్ యూనియన్ దేశాల రేవుల నుంచి ఎక్కేవాళ్లకి ఒక హక్కుంది: ఆ యూనియన్ 1177/2010 నిబంధన ప్రకారం, కనీసం 48 గంటల ముందు చెప్తే ఎక్కడానికీ దిగడానికీ సాయం ఉచితం. అయినా అంతదాకా ఆగడమెందుకు, బుక్ చేసిన రోజే చెప్పేయండి.

నది క్రూయిజ్‌ల విషయంలో నాకు అనుమానమే. చాలా ఓడల్లో లిఫ్ట్ అన్ని అంతస్తులకీ వెళ్లదు, పైగా రేవులో ఓడలని పక్కపక్కన కట్టేస్తే ఒక ఓడలోంచి ఇంకో ఓడ దాటుకుంటూ ఒడ్డుకి వెళ్లాలి.

ఎక్కిన రోజు జరిగే సేఫ్టీ డ్రిల్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ప్రమాదం వస్తే లిఫ్టులు వాడనివ్వరు. మిమ్మల్ని మెట్ల మీదుగా ఎవరు దించుతారో, దానికి ప్రత్యేకమైన కుర్చీ ఎక్కడ పెట్టారో అప్పుడే అడిగి, దగ్గరుండి చూపించమనండి.