ఓవర్‌స్పీడ్ చలానా పడిందా? కట్టే ముందు ఫొటో తెరవండి

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి చలానా పడినా చివరికి నా దగ్గరికే వస్తారు. "అన్నా, 1035 పడింది. కట్టెయ్యాలా, ఆగాలా?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఫొటో చూశావా? దాదాపు ఎవరూ చూసి ఉండరు. మెసేజ్ చదువుతారు, వెయ్యి జరిమానా మీద ఆ 35 యూజర్ ఛార్జీ ఏమిటని విసుక్కుంటారు, కట్టడానికి యూపీఐ యాప్ తెరుస్తారు. చలానా పక్కనే ఉండే ఫొటో లింకు మాత్రం నొక్కరు.

బండి నంబర్ కొట్టి చలానా వెతకడం మీకు వచ్చనుకుని రాస్తున్నాను. తెలంగాణలో పోలీసుల ఈ-చలానా సైటు, బయటి రాష్ట్రాల బండ్లకు ఎక్కువగా పరివాహన్ సైటు.

మెసేజ్ వచ్చింది, సైట్‌లో ఏమీ లేదు

అది దొంగ మెసేజ్ అయి ఉంటుంది. వాట్సాప్‌లో "మీ వాహనంపై చలానా" అంటూ ఏపీకే ఫైల్ వస్తే దాన్ని నొక్కకండి, ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌లోని ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్తాయి. లింకు వచ్చినా దాని మీదుగా వెళ్లొద్దు. మీరే సైటు తెరిచి చూసుకోండి. అసలు సైట్ల చిరునామా గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. నిజం చలానా సైట్‌లోకి ఎక్కడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, కాబట్టి రెండు రోజులాగి మరోసారి చూస్తే సరిపోతుంది.

బండి నాదే, దారి నాదే, కానీ అంత స్పీడు పోలేదు

ఈ మాట అన్నవాళ్లలో ఎక్కువమంది పోయే ఉంటారు. కోపం తెచ్చుకోకండి, నేనూ అన్నాను. స్పీడోమీటర్ ఎప్పుడూ అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపించేలా తయారవుతుంది. అంటే మీటర్లో 80 కనిపించినప్పుడు నిజానికి మీరు ఇంకా కొంచెం తక్కువలో ఉంటారు. మీటర్ మీద నెపం వేస్తే వాదన మీకే ఎదురు తిరుగుతుంది. కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేయించుకున్న వాళ్లకు మాత్రం లెక్క తలకిందులవుతుంది.

చాలాసార్లు అసలు పొరపాటు లిమిట్ దగ్గర ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద లిమిట్ గంటకు 120 కిలోమీటర్లని అందరికీ తెలుసు. అది కుడివైపు మొదటి రెండు లేన్లకే. మూడు, నాలుగు లేన్లలో 80. "నేను వందలోపే ఉన్నాను కదా" అనేవాళ్లు తాము ఏ లేన్‌లో ఉన్నారో గుర్తు చేసుకోవాలి.

తర్వాత సెక్షన్ చూడండి. మోటారు వాహనాల చట్టంలో 183 అంటే అతివేగం. 2019 సవరణ తర్వాత చట్టంలో కారుకు 1000 నుంచి 2000, లారీలు, బస్సుల లాంటి వాటికి 2000 నుంచి 4000 ఉంది. వసూలు చేసే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 184 అంటే ప్రమాదకరమైన డ్రైవింగ్. దానికి మొదటిసారే 5000 దాకా జరిమానా, జైలు శిక్ష కూడా రాసి ఉంది. మొత్తం పెద్దదిగా ఉండి, 184 కనిపించి, కోర్టుకు రమ్మంటే లాయర్‌తో మాట్లాడకుండా ఏమీ చేయొద్దు. 183 కింద వెయ్యి రూపాయలు పడి, ఫొటోలో ఉన్నది మీ బండే అయితే కట్టేయండి. దానికి లాయర్ ఫీజు, సెలవు పెట్టి తిరగడం దండగ.

నంబర్ నాదే, కారు నాలాగే ఉంది

నేను కాలు జారింది ఇక్కడే.

రెండేళ్ల కిందట ఔటర్ మీద ఓవర్‌స్పీడ్ చలానా వచ్చింది. ఫొటో తెరిచాను. తెల్ల హ్యాచ్‌బ్యాక్, నా నంబరే. ఆ వారం ఔటర్ ఎక్కిన గుర్తు కూడా ఉంది, ఏ రోజో తెలీదు. కట్టేశాను. నెల తిరక్కుండా ఇంకోటి. ఇంట్లో తిట్లు తిని అదీ కట్టాను. మూడోది వచ్చినప్పుడు తేదీ చూస్తే ఆ రోజు కారు సర్వీసింగ్‌లో ఉంది. అప్పుడు ఫొటోను పెద్దది చేసి చూశాను. వెనక అద్దానికి వైపర్ లేదు. నాది టాప్ మోడల్, వైపర్ ఉంది. ఫొటోలోది బేస్ మోడల్. ఎవడో అదే కారుకు నా నంబర్ తగిలించుకుని తిరుగుతున్నాడు. పాత రెండు ఫొటోలు మళ్లీ తీశాను, వాటిలోనూ వైపర్ లేదు.

నంబర్ దొంగిలించేవాడు ఏదో ఒక నంబర్ రాసుకోడు. తన కారు ఏ కంపెనీదో, ఏ రంగో చూసుకుని, అచ్చం అలాంటి కారు నంబరే ఎత్తుకుంటాడు. దారిలో పోలీసు యాప్‌లో కొట్టి చూసినా కంపెనీ, మోడల్, రంగు సరిపోవాలి కదా. అందుకే మామూలు చూపుకు మనమూ మోసపోతాం. బండి మీదా, కాదా అని చూడకండి. మీ బండి మీద ఉండి ఆ ఫొటోలో లేనిది ఏమిటో వెతకండి. వెనక వైపర్, ఫాగ్ లైట్లు, అల్లాయ్ చక్రాలా ప్లాస్టిక్ మూతలా, అద్దాల మీద ఇండికేటర్, పైన రూఫ్ రైల్, బంపర్ మీద గీత, వెనక అద్దం మీద పిల్లల స్కూలు స్టిక్కర్. బైక్ అయితే సైలెన్సర్ గార్డు, సైడ్ బాక్సు, సీటు కవరు. నంబర్ ప్లేటూ చూడండి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లే వస్తున్నాయి. వాటి అక్షరాలన్నీ ఒకే తీరులో, ఉబ్బెత్తుగా ఉంటాయి, ఎడమవైపు నీలంగా ఐఎన్‌డీ అని ఉంటుంది. మీకు ఆ ప్లేటు ఉండి ఫొటోలో స్టిక్కర్ అక్షరాలుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇలాంటిదే ఇంకో రకం ఉంది, కానీ అమాయకమైనది. కెమెరా 3ను 8గా, బీని 8గా చదువుతుంది. ప్లేటు మీద బురదో బోల్టో చాలు. అప్పుడు ఫొటోలో బైకో ఆటోనో కనిపిస్తుంది, మీది కారు. ఇది చూడగానే తెలిసిపోతుంది, ఒక ఫిర్యాదుతో తేలిపోతుంది కూడా.

దొంగ నంబర్ అని తేలితే మొదటి నియమం, డబ్బు కట్టొద్దు. కట్టారంటే తప్పు ఒప్పుకున్నట్టే, కేసు మూసేస్తారు. ఫొటో, వేగం, తేదీ, సమయం, చోటు కనిపించేలా వెంటనే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. చలానా ఫొటో ఏ కోణంలో ఉందో అదే కోణంలో మీ బండిని ఫొటో తీయండి. రెండూ పక్కపక్కన పెడితే అవతలి అధికారికి మీరు మాటల్లో చెప్పాల్సిన పని తగ్గుతుంది. ఆర్సీ కాపీ జత చేయండి. ఆ సమయానికి మీ బండి ఇంకోచోట ఉందని చూపించేది ఏదైనా ఉంటే అదే బంగారం: ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు, ఆఫీసు గేటు దగ్గరి ఎంట్రీ. ఇవి పెట్టి ఈ-చలానా సైట్‌లోనే ఫిర్యాదు చేయండి. వారం పదిరోజుల్లో కదలిక లేకపోతే ట్రాఫిక్ పోలీసుల చలానా విభాగానికి స్వయంగా వెళ్లండి.

అక్కడితో ఆగకండి. మీ ఇంటి దగ్గరి పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు కాగితం తీసుకోండి. చలానా రద్దయింది కదా ఇంకెందుకు అని చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆ కారు రేపు ఎవరినైనా గుద్ది పారిపోతే పోలీసులు ముందు తలుపు తట్టేది మీదే. నాకు మూడో చలానా రద్దయింది. ముందు కట్టిన 2070 రూపాయలు మాత్రం తిరిగి రాలేదు.

బండి అమ్మేశాను, చలానాలు ఇంకా నాకే

ఆర్సీ మీ పేరు మీదే ఉంది, అంతే. "పేపర్లు నేను చూసుకుంటా సార్" అన్న బ్రోకర్ చూసుకోలేదు. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం వాళ్లనే ఓనరు అంటుంది, ప్రమాదం జరిగినా అదే మాట. అమ్మిన 14 రోజుల్లో ఆర్టీఏకి తెలపాల్సింది అమ్మినవాళ్లే. కొన్నవాణ్ని పట్టుకుని ఇప్పుడైనా ట్రాన్స్‌ఫర్ చేయించండి. దొరక్కపోతే అమ్మిన కాగితంతో ఆర్టీఏకి, పోలీసులకు రాసివ్వండి.

డబ్బు కట్ అయింది, చలానా పెండింగ్‌లోనే ఉంది

మళ్లీ కట్టకండి! ట్రాన్సాక్షన్ నంబర్ దాచి రెండు మూడు రోజులు ఆగండి. ఎక్కువగా దానంతటదే మారుతుంది, లేదా డబ్బు ఖాతాకు తిరిగొస్తుంది.

"డిస్కౌంట్ వచ్చేదాకా ఆగుతా"

2022 మార్చిలో తెలంగాణలో బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ ఇచ్చారు, బైకులకు 80, కార్లకు 60. అప్పటినుంచి ఇది పండగ ఆఫర్ అనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. మా బావమరిది అలా ఆగి ఆగి పదకొండు పెట్టుకున్నాడు, ఒకరోజు చెకింగ్‌లో పెళ్లికి వెళ్తున్న కారు ఆపేశారు. ఒకటి రెండుంటే కట్టేయడమే మేలు. పాతవి పేరుకుపోయి ఉంటే లోక్ అదాలత్ ఎప్పుడుందో కనుక్కోవచ్చు. బండి అమ్మేటప్పుడు కొనేవాడు ముందుగా చూసేది ఈ పెండింగ్ లిస్టే.

మిగతావి

కెమెరా చలానాలో స్పష్టమైన ఫొటో, కొలిచిన వేగం, తేదీ, సమయం, చోటు, సెక్షన్ ఉండాలని 2021లో తెచ్చిన 167ఏ నిబంధన చెబుతుంది. నోటీసు 15 రోజుల్లో పంపాలనీ ఉంది. వీటిలో ఏదైనా లేకపోతే ఫిర్యాదులో ఒక వాక్యం రాయండి. కెమెరా పాడైంది, పక్క బండి వేగం నాకు పడింది లాంటివి నేను చూసినంతలో చాలా అరుదు, ముందు వాటి వెంట పడొద్దు. అన్నయ్యో డ్రైవరో నడిపారా? చలానా ఓనరుకే వస్తుంది, అది ఇంట్లో తేల్చుకోవాల్సిన లెక్క.