సప్లై చైన్ పర్యావరణ లెక్కలు, 4వ పాఠం: నూనెకెంత, చెక్కకెంత

పోయిన పాఠం చివర ఇచ్చిన యూరియా లెక్కకి మీరు పంపిన జవాబులు చూశాక, ముందు అది తేల్చకుండా ఈరోజు పాఠంలోకి వెళ్తే లాభం లేదనిపించింది. 100 కిలోల యూరియా పొలంలో వేస్తే నేలలోంచి నేరుగా వచ్చే నైట్రస్ ఆక్సైడ్ ఎంత, అది ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం అని అడిగాను. చాలామంది 429 అన్నారు, కొంతమంది 126 అన్నారు. రావాల్సింది 197.

429 ఎలా వచ్చిందంటే, యూరియా బరువు మొత్తాన్నీ నైట్రోజన్ అనుకున్నారు. యూరియాలో నైట్రోజన్ 46 శాతమే, అంటే 100 కిలోల్లో 46 కిలోలు. ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2006 గైడ్‌లైన్స్‌లో ఉన్న 1 శాతం అనే డిఫాల్ట్, అంటే వేసిన నైట్రోజన్‌లో నైట్రస్ ఆక్సైడ్‌గా పోయే వంతు, ఆ 46 మీద పడాలి, బస్తా మీద కాదు. అలా చేస్తే 0.46 కిలోలు వస్తుంది. 126 వచ్చినవాళ్లు ఇక్కడిదాకా కరెక్టే, కానీ ఆ 0.46ని నైట్రస్ ఆక్సైడ్ అనుకుని నేరుగా 273తో (కిలో నైట్రస్ ఆక్సైడ్ ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమో చెప్పే అంకె) గుణించేశారు. ఆ 0.46 ఏంటంటే నైట్రస్ ఆక్సైడ్ రూపంలో గాల్లోకి పోయిన నైట్రోజన్ బరువు మాత్రమే. ఆ గ్యాస్ అణువులో నైట్రోజన్ వంతు 28, ఆక్సిజన్ కూడా కలిపితే 44, కాబట్టి 44/28తో గుణిస్తేనే అసలు గ్యాస్ బరువు వస్తుంది, అది 0.723 కిలోలు. దాన్ని 273తో గుణిస్తే 197. ఒకరిద్దరు 298 వాడారు, అది ఐపీసీసీ 2007 రిపోర్టులోది. 273 అనేది 2021 రిపోర్టులోది. పాతది వాడాల్సిన పరిస్థితి ఉంటే వాడండి, కానీ ఏది వాడారో పక్కన రాయండి, ఒకే షీట్‌లో రెండూ కలపకండి.

ఇందులో యూరియాలోనే ఉన్న కార్బన్ లేదు. అది పొలంలో విడిపోయి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, కిలో యూరియాకి 0.73 కిలోలు. నేను మనసులో పెట్టుకునే అడ్డదారి ఇదీ: కిలో యూరియాకి నైట్రస్ ఆక్సైడ్ వల్ల దాదాపు 2, కార్బన్ వల్ల దాదాపు ముప్పావు, మొత్తం 2.7. మీ షీట్‌లో దీనికి చాలా దూరంగా ఏదైనా కనిపిస్తే మిగతావన్నీ ఆపి ముందు అది చూడండి. ఒక్క మాట, ఆ 1 శాతం సగటు అంచనా మాత్రమే. 2019లో ఐపీసీసీ దాన్ని సవరించినప్పుడు రసాయన ఎరువులకి తడి వాతావరణంలో 1.6, పొడి వాతావరణంలో 0.5 శాతం అని విడగొట్టింది. మన అభ్యాసాల్లో 1 శాతంతోనే పోదాం.

ఇక ఈరోజు పాఠం. పొలం గేటు దాకా, మిల్లు గేటు దాకా లెక్క ఎలా కూడాలో మీకు వచ్చు కాబట్టి దాటేస్తున్నా. మిల్లు లోపల ఒకే గింజలోంచి రెండు సరుకులు బయటికొస్తాయి, నూనె, చెక్క (నూనె తీశాక మిగిలే పిండి, పశువుల దాణాకి పోయేది). అప్పటిదాకా పోగైన భారాన్ని (కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన కిలోల్ని) ఈ రెండిటికీ ఎలా పంచాలి అన్నదే ప్రశ్న.

2006లో వచ్చిన ఐఎస్‌ఓ 14044 (ఇలాంటి పర్యావరణ లెక్కలకి అంతర్జాతీయ ప్రమాణం) ఒక వరస చెప్పింది. వీలైతే అసలు పంచొద్దు, పనిని విడివిడి భాగాలుగా చూడండి, లేదా రెండో సరుకు వల్ల వేరే ఏ సరుకు తయారీ తప్పుతుందో దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. అది కుదరకపోతే రెండిటి మధ్య ఉన్న భౌతిక సంబంధాన్ని బట్టి పంచండి, అదీ కుదరకపోతే ధర లాంటి వేరే సంబంధం. నూనె, చెక్క విషయంలో నాకు ధర పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే గింజని ఆడించేది ఎక్కువగా నూనె కోసమే. అయితే ఒక్క నెల ధర పట్టుకోకండి, మూడేళ్ల సగటు తీసుకోండి. బరువుతో పంచేవాళ్లది తప్పని నేననను, బరువు ధరలా రోజుకో రకంగా మారదు కదా.

నన్ను నిజంగా బాధపెట్టేది ఏ పద్ధతి వాడారన్నది కాదు, చైన్‌లో ఒకరు ఒక పద్ధతి, తర్వాతవాళ్లు ఇంకో పద్ధతి వాడటం. అంకెలతో చూడండి. 1,000 కిలోల గింజకి 900 కిలోల భారం ఉందనుకుందాం. దాంట్లోంచి 400 కిలోల నూనె, 580 కిలోల చెక్క వచ్చాయి, మిగిలింది తేమ, తరుగు. నూనె కిలో ధర చెక్క ధరకి నాలుగింతలు.

బరువుతో పంచితే నూనెకి 400/980, అంటే 40.8 శాతం, 367 కిలోలు. కిలో నూనెకి 0.92 పడుతుంది, కిలో చెక్కకీ అదే 0.92. ధరతో పంచితే నూనె విలువ 1,600, చెక్క విలువ 580, మొత్తం 2,180. నూనెకి 73.4 శాతం, 661 కిలోలు, కిలోకి 1.65. చెక్కకి 239, కిలోకి 0.41. ఏదో ఒక పద్ధతికే కట్టుబడితే రెండు భాగాలూ కూడినప్పుడు 900 వస్తుంది. ఇప్పుడు నూనె కొనే కంపెనీ తన రిపోర్టులో బరువు పద్ధతి వాడి 367 రాసుకుంది, పశువుల దాణా కంపెనీ ధర పద్ధతి వాడి 239 రాసుకుంది. రెండూ ప్రమాణానికి లోబడే ఉన్నాయి, రెండిటినీ ఆడిటర్ ఒప్పుకోవచ్చు. కానీ కూడితే 606. మిగతా 294 కిలోలు ఎవరి ఖాతాలోనూ లేవు. గాల్లో మాత్రం ఉన్నాయి. దాదాపు మూడోవంతు కాగితం మీద మాయమైపోయింది, ఎవరూ అబద్ధం చెప్పకుండానే. ఎవరికి తక్కువ వచ్చే పద్ధతి వాళ్లు ఎంచుకుంటే ప్రతి జంట సరుకు దగ్గరా ఇదే జరుగుతుంది.

ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ (ఇనుము కరిగించే కొలిమిలో మిగిలే చిట్టెం, సిమెంట్‌లో కలుపుతారు) కూడా ఇలాంటిదే. స్లాగ్‌ని సరుకుగా చూపి ఉక్కు నుంచి కొంత భారం దాని మీదికి తోసేసి, అదే స్లాగ్ కొన్న సిమెంట్ కంపెనీ దాన్ని వ్యర్థం కింద తీసుకుని సున్నా రాసుకుంటే ఆ ముక్క మాయం. భారమంతా ఉక్కే మోసి సిమెంట్ సున్నా రాస్తే పర్వాలేదు, మొత్తం సరిపోతుంది. పాలు, మాంసం దగ్గర ఆవు తిన్న మేతలోని శక్తి దేనికెంత పోయిందో చూసి పంచే పద్ధతి ఉంది, దాని గురించి విడిగా రాస్తా.

కాబట్టి సప్లయర్ నుంచి అంకె వస్తే నేను మొదట అడిగేది ఆ అంకె ఎంతని కాదు, దీని జంట సరుకుకి మీరు ఎంత ఇచ్చారు, రెండూ కూడితే ఎంత అని. జవాబు రాకపోతే ఆ అంకెని షీట్‌లో ఎర్రగా పెడతా, వాడాల్సొస్తే ఎర్రగానే వాడతా.

అభ్యాసం, ఈసారి కొంచెం పెద్దది. ఒక హెక్టారులో 150 కిలోల యూరియా వేశారు, 45 లీటర్ల డీజిల్ కాల్చారు (లీటరుకి 2.68 కిలోలు), 12 శాతం తేమతో 1,800 కిలోల గింజ వచ్చింది. ఆరబెట్టి తేమ 8 శాతానికి దించి మిల్లుకి పంపారు. ఆరబెట్టడం ఎండలోనే, దానికి భారం వేయొద్దు. మిల్లుకి చేరిన గింజ బరువులో 40 శాతం నూనె, 57 శాతం చెక్క. మిల్లు కరెంటు వదిలేయండి. కిలో నూనెకి, కిలో చెక్కకి ఎంత భారమో బరువు పద్ధతిలో ఒకసారి, ధర పద్ధతిలో రెండుసార్లు (నూనె ధర నాలుగింతలు ఉన్నప్పుడు, మూడింతలు ఉన్నప్పుడు) చేయండి. ప్రతిసారీ కింద నూనె భాగం, చెక్క భాగం కూడి హెక్టారు మొత్తంతో సరిపోయిందని చూపించండి, అది లేని జవాబు దిద్దను. ఆరితే పోయేది నీళ్లే, భారం పోదు, కిలోల సంఖ్య తగ్గుతుంది కాబట్టి కిలోకి పడే భారం పెరుగుతుంది. కొత్త బరువు కోసం ముందు నీళ్లు తీసేసిన పొడి గింజ ఎంతో కట్టండి, అది రెండు చోట్లా ఒకటే. ఫ్యాక్టరీలో యూరియా తయారీకి పడిన భారం ఇందులో కలపకండి, 5వ పాఠం దాని మీదే.