బేస్‌బాల్‌లో షటౌట్‌ను ఎలా గుర్తుపట్టాలి?

స్కోర్‌బోర్డు మీద ఓడిన జట్టు ఎదుట సున్నా కనిపించగానే పిచ్చర్‌కి (బ్యాటర్‌కి బంతి వేసేవాడికి) షటౌట్ వచ్చేసిందనుకుంటాం. ఈ రోజుల్లో చాలాసార్లు రాదు. ఆ సున్నా జట్టు మొత్తానిది. పిచ్చర్ పేరు మీద షటౌట్ రాయాలంటే అతనొక్కడే మ్యాచ్ మొత్తం వేసి, ఒక్క రన్ కూడా ఇవ్వకూడదు. బేస్‌బాల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘనత ఇదే. మ్యాచ్ అయ్యాక వచ్చే బాక్స్ స్కోర్‌లో, అంటే అంకెల పట్టికలో, దాన్ని ఇలా వెతకండి.

1. ముందు రన్స్ చూడండి

ఇన్నింగ్స్ వరుస చివర ఆర్, హెచ్, ఈ అని మూడు గళ్లు ఉంటాయి. అవి రన్స్, హిట్స్ (బంతి కొట్టి బేస్ చేరినవి), ఎర్రర్స్ (ఫీల్డర్ల పొరపాట్లు). ఓడిన జట్టు ఆర్ గడిలో సున్నా ఉండాలి. హిట్స్ ఎన్ని ఉన్నా ఫర్వాలేదు. అవి కూడా సున్నా అయితే నో-హిట్టర్. అసలు ఎవరూ బేస్ చేరకపోతే పర్ఫెక్ట్ గేమ్. 1956 వరల్డ్ సిరీస్‌లో (అమెరికా మేజర్ లీగ్ ఫైనల్) డాన్ లార్సెన్ వేసింది అదే.

ఫీల్డర్ పొరపాటు వల్ల వచ్చిన రన్ పిచ్చర్ ఈఆర్‌ఏలో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన రన్స్) కలవదు. షటౌట్ మాత్రం పోతుంది.

2. గెలిచిన జట్టు పిచ్చర్ల పట్టికలో ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టండి

ఒక్కటే పేరు, దాని పక్కన ఐపీ (వేసిన ఇన్నింగ్స్) గడిలో 9.0, అంటే మామూలు మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్ మొత్తం ఉంటే షటౌట్ ఖాయం. ఈ గడిలో చుక్క తర్వాతి అంకె ఔట్లను చెబుతుంది: 7.1 అంటే ఏడు ఇన్నింగ్స్, ఆపైన ఒక ఔట్. రెండు పేర్లున్నాయంటే అది కంబైన్డ్ షటౌట్. 2022 వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ పిచ్చర్లు నలుగురు కలిసి ఫిలడెల్ఫియాకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అయినా వాళ్లలో ఎవరి ఖాతాలోనూ షటౌట్ పడలేదు.

నిబంధనల్లో ఒకే ఒక్క మినహాయింపు ఉంది. మొదటి ఇన్నింగ్స్‌లో ఒక్క ఔట్ కూడా పడకముందే, ప్రత్యర్థి రన్ చేయకముందే వచ్చి, చివరిదాకా రన్ ఇవ్వకుండా వేసినవాడికి కూడా షటౌట్ ఇవ్వొచ్చు. ఇలాంటి పరిస్థితి నిజంగానే వచ్చింది. 1917 జూన్ 23న బేబ్ రూత్ మొదటి బ్యాటర్‌కే వాక్ (నాలుగు చెడు బంతులకు ఉచితంగా మొదటి బేస్) ఇచ్చి, అంపైర్‌తో గొడవపడి బయటికి వెళ్లాల్సి వచ్చింది. బదులుగా వచ్చిన ఎర్నీ షోర్ ఉండగా, బేస్ మీదున్న ఆ రన్నర్ స్టీల్ చేయబోయి (తర్వాతి బేస్‌కు దొంగచాటుగా పరిగెత్తబోయి) ఔటయ్యాడు. ఆ తర్వాత వచ్చిన 26 మందినీ షోర్ వరసగా ఔట్ చేశాడు.

3. లైవ్ చూస్తుంటే ఆరో ఇన్నింగ్స్ నుంచి పిచ్ కౌంట్ (పిచ్చర్ వేసిన బంతుల లెక్క) మీద కన్నేయండి

అసలు టెన్షన్ ఇక్కడే. బ్యాటర్లు అదే పిచ్చర్‌ను మూడోసారి ఎదుర్కొనేసరికి అతని బంతుల తీరు పట్టేస్తారు, కోచ్‌లు బుల్‌పెన్ (బదులు పిచ్చర్లు సిద్ధమయ్యే చోటు) వైపు చూస్తారు. ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి కౌంట్ 80 లోపు ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. వంద పిచ్‌ల లోపే షటౌట్ పూర్తిచేస్తే అభిమానులు దాన్ని 'మ్యాడక్స్' అంటారు, గ్రెగ్ మ్యాడక్స్ పేరు మీద.

4. అంకెను ఆ కాలంతో కలిపి చదవండి

వాల్టర్ జాన్సన్ కెరీర్‌లో 110 షటౌట్లు వేశాడు. గ్రోవర్ అలెగ్జాండర్ 1916 ఒక్క సీజన్‌లోనే 16 వేశాడు. మన కాలపు గొప్ప పిచ్చర్ క్లేటన్ కెర్షా కెరీర్ మొత్తానికి 15. కెర్షా తక్కువవాడేం కాదు, ఇప్పుడు చివరి ఇన్నింగ్స్ వేయడానికి వేరే పిచ్చర్లు సిద్ధంగా ఉంటారు. 1968లో బాబ్ గిబ్సన్ 1.12 ఈఆర్‌ఏతో 13 షటౌట్లు వేశాడు. ఆ ఏడాది పిచ్చర్లదే రాజ్యం కావడంతో, మరుసటి ఏడు మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు.

5. ఒక పాత మ్యాచ్‌తో సాధన చేయండి

1991 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ బాక్స్ స్కోర్ తీయండి. అట్లాంటా పిచ్చర్ జాన్ స్మోల్ట్జ్ పక్కన 7.1 ఇన్నింగ్స్, సున్నా రన్స్. మిన్నెసోటా పిచ్చర్ జాక్ మోరిస్ పక్కన కూడా సున్నా రన్సే, కానీ ఇన్నింగ్స్ 10.0. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక 0-0గా ఉంటే పదోది కూడా మోరిసే వేశాడు, మిన్నెసోటా 1-0తో గెలిచింది. ఇద్దరూ రన్ ఇవ్వలేదు. షటౌట్ మోరిస్‌ది.