4,29,49,67,297 కారణాంకాలు కనుక్కోవడం ఎలా?

పెద్ద సంఖ్య ఎదురైనప్పుడు దాన్ని వరుసగా భాగించుకుంటూ పోయేకన్నా ముందుగా దాని రూపాన్ని గమనించడం మేలు. 4,29,49,67,297 చివరి అంకె 7 కనుక దాన్ని 2, 5 భాగించవు. అంకెల మొత్తం 59 కనుక 3 కూడా భాగించదు. బడిలో నేర్చుకున్న సూత్రాలు ఇంతకు మించి పెద్దగా సాయపడవు. దీని వర్గమూలం 65,536 కంటే రవ్వంత ఎక్కువ, అంతలోపు ప్రధాన సంఖ్యలేమో 6,542 ఉన్నాయి.

అయితే 2ను 32 సార్లు హెచ్చవేసి 1 కలిపితే వచ్చేది ఈ సంఖ్యే. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దానితో 2³²ను భాగిస్తే శేషం −1 (అంటే దాని గుణిజానికి 1 తక్కువ), 2⁶⁴ను భాగిస్తే శేషం 1 వస్తాయి కనుక, ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేస్తే మిగిలేది 64 గుణిజమై తీరాలి. అంటే చూడవలసినవి 193, 257, 449, 577, 641 వంటివి మాత్రమే. గణితవేత్త ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు; కానీ 641 దీన్ని భాగిస్తుందని మరో గణితవేత్త ఆయిలర్ 1732లో చూపాడు. మన వరుసలో అది ఐదోదే.

భాగహారం చేయకుండానే దీన్ని సరిచూడవచ్చు. 641 అంటే 5×2⁷+1, అలాగే 5⁴+2⁴. మొదటి రూపం ప్రకారం 5×2⁷ శేషం −1, కనుక దాని నాలుగో ఘాతమైన 5⁴×2²⁸ శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴కు బదులు −2⁴ రాస్తే −2³² శేషం 1 అవుతుంది, కాబట్టి 2³²+1లో శేషమేమీ మిగలదు.

భాగఫలం 67,00,417. అదీ ప్రధాన సంఖ్యేనా? పై నియమంలో 64 స్థానంలో 128 పెట్టవచ్చని ఆ తరువాతి కాలంలో గణితవేత్త లూకాస్ నిరూపించాడు కనుక, వర్గమూలమైన 2,588 లోపు 257, 641, 769, 1153, 1409లను చూస్తే చాలు. శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. కాబట్టి ప్రధాన సంఖ్యే.

ఇక భాజకాలు నాలుగు, వాటి మొత్తం 642×67,00,418, అంటే 4,30,16,68,356. దీనికన్నా చిన్నవై, దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యల లెక్క 640×67,00,416, అంటే 4,28,82,66,240. ఈ రెండూ కూడితే మన సంఖ్యకు 1 కలిపి రెట్టింపు చేసినంత రావాలి. ఎక్కడైనా అంకె తప్పి ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష వర్గాలది. 641 = 25²+4², 67,00,417 = 2556²+409². వీటిని కలిపి గుణిస్తే 65,536²+1²తో పాటు 62,264²+20,449² కూడా వస్తుంది. ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒక్క విధంగానే రాయగలం కనుక, 641 సంగతి తెలియకపోయినా ఈ రెండో జత దొరికితే చాలు, ఇది సంయుక్త సంఖ్య అని తేలిపోతుంది.